సింహంగారబ్బాయి, పుట్టగొడుగుగారమ్మాయి

కంపాలా వచ్చి మూడేళ్ళు దాటింది. ఉగాండాలో ఉంటున్నానంటే మనవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండే. "ఇదీ అమీన్ దేశమేనా?" అన్నది మొదటిది. అవును, అదే. 1972 ఆగస్టులో ఆసియావాళ్ళందర్నీ తొంభై రోజుల్లో దేశం ఖాళీ చెయ్యమన్నాడు. ఆ మహానుభావుడి గద్దె 1979లోనే ఊడింది. "అక్కడ తిండి ఎలా?" అన్నది రెండోది. అరటికాయ. పొద్దున్నా రాత్రీ అరటికాయే. ఆకుల్లో చుట్టి, ఆవిరి మీద ఉడికించి, మెత్తగా మెదిపి పెడతారు, మతోకే అంటారు. 'ఎమ్మేరే' అంటే వీళ్ళ భాషలో తిండి, కానీ ఆ మాట వినగానే వీళ్ళకి గుర్తొచ్చేది మతోకే. మనం పూరీ తిన్నా, ఉప్మా తిన్నా "అన్నం తిన్నావా" అని అడుగుతాం కదా, అలాగన్నమాట.

ఇవి రెండూ అందరూ అడిగేవి. ఎవరూ అడగంది ఇంకొకటుంది. నాకు మూడు వారాలు నిద్ర లేకుండా చేసింది కూడా అదే. ఇక్కడివాళ్ళ పేర్లు! ఆ సంగతి చెప్పాలంటే ముందు వీళ్ళ భాష గురించి కాస్త చెప్పాలి. ఓపిక పట్టండి.

కంపాలా చుట్టూ ఉన్న సీమ పేరు బుగాండా. అక్కడి మనిషి ముగాండా, మనుషులు బగాండా, వాళ్ళ భాష లుగాండా, వాళ్ళ పద్ధతీ ఆచారమూ కిగాండా. అసలు మాట 'గాండా' ఒక్కటే. ముందు తగిలించే అక్షరాన్ని బట్టి ఊరో, మనిషో, మాటో తెలుస్తుంది. స్వాహిలీలో దేశాల పేర్లకి ముందు 'ఉ' పెడతారు, అందుకని స్వాహిలీవాళ్ళ నోట బుగాండా కాస్తా ఉగాండా అయింది. తెల్లవాళ్ళు ఆ పేరునే దేశం మొత్తానికీ పెట్టేశారు. 2014 జనాభా లెక్కల ప్రకారం దేశంలో బగాండాలు ఆరోవంతే. కానీ రాజధాని వాళ్ళ నేల మీద ఉంది కాబట్టి, కంపాలాలో ఏ జాతివాడైనా బజారుకెళ్తే లుగాండా మాట్లాడాల్సిందే.

నేను కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసినవాణ్ణి కాబట్టి ఈ భాష చూడగానే ముచ్చటేసింది. ప్రతి నామవాచకానికీ ఒక క్లాసు ఉంటుంది. వ్యాకరణం పుస్తకాల్లో కూడా దాన్ని క్లాసు అనే అంటారు, నా కల్పన కాదు :) పుస్తకం 'ఎకితాబో'. "ఈ పుస్తకం బాగుంది" అనాలంటే "ఎకితాబో కినో కిరుంగి". పుస్తకాలయితే "ఎబితాబో బినో బిరుంగి". చిన్న పుస్తకమయితే "అకతాబో కనో కలుంగి". అంటే నామవాచకం నెత్తిన ఉన్న 'కి' గానీ 'బి' గానీ 'క' గానీ వాక్యం చివరిదాకా ప్రతి మాటకీ అంటుకుంటూ పోతుంది. ఏ మాట దేనికి చెందిందో పొరపాటు పడే వీల్లేదు. మనకేమో "వచ్చాడు, వచ్చింది, వచ్చారు"తో సరిపోతుంది.

ఇందులో ఇంకో తమాషా. ఈ 'కితాబో' అరబ్బీ 'కితాబ్'. అందులోని 'కి'ని వీళ్ళు తమ క్లాసు గుర్తే అనుకుని, బహువచనంలో 'బి' చేసేశారు. మన 'కితాబు ఇవ్వడం'లోని కితాబు మాత్రం 'ఖితాబ్' అనే వేరే అరబ్బీ మాట. వినడానికి ఒకేలా ఉన్న మాట ఇక్కడ పుస్తకం, అక్కడ పొగడ్త.

పైన "కిరుంగి", "కలుంగి" అన్నాను, చూశారా? ఒకచోట ర, ఒకచోట ల. నియమం చాలా సులువు. ఎ, ఇ అచ్చుల తర్వాత ర రాస్తారు, మిగతాచోట్ల ల. మా టీములో ఒకమ్మాయి ఈ నియమం చెప్పి, "మీ భాష పేరేమిటన్నారు?" అని అడిగింది. తెలుగు అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మేం దాన్ని ఒలుతెరుగు అనాలి" అని తేల్చింది. అప్పట్నుంచీ నేను ఒలుతెరుగు మాట్లాడేవాణ్ణి.

మనకి ఈ భాష కొంచెం దగ్గరగా తోచడానికి కారణాలు లేకపోలేదు. ఇదీ మనలాగే అజంతభాష. ప్రతి మాటా అచ్చుతోనే ఆగుతుంది. మనం బస్సు, కారు అన్నట్టే వీళ్ళు బ్బాసి, ఎమ్మోటొకా అంటారు. చొక్కా 'ఎస్సాతి' (షర్టే లెండి), దుకాణం 'ఎద్దూకా'. ద్విత్వాక్షరాలంటే తెల్లవాళ్ళకి నాలుక తిరగదు, మనకి ఇబ్బంది లేదు. 'కుతా' అంటే వదిలిపెట్టడం, 'కుత్తా' అంటే చంపడం. కలకీ కల్లకీ తేడా తెలిసినవాళ్ళం మనం, ఆ మాత్రం పలకలేమా! కాకపోతే వీళ్ళు మాట మొదట్లోనే ద్విత్వం పెడతారు. అయ్యా అంటే 'స్సేబో', అమ్మా అంటే 'న్న్యాబో', తాతయినా అమ్మమ్మయినా 'జ్జాజ్జా'. అక్కడ మాత్రం మనకీ కాస్త దమ్ము కావాలి. పైగా స్వరం హెచ్చుతగ్గులతో అర్థం మారిపోవడం ఒకటి, అది నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

అన్నిటికంటే నాకు నచ్చిన మాట 'జేబలే కో'. పని చేస్తూ కనబడ్డ ఎవరినైనా అలా పలకరిస్తారు. "పని చేస్తున్నావు, సంతోషం, బాగా చేశావు" అని దాని భావం. రోడ్డు ఊడ్చేవాడికీ, అరటిగెల మోసేవాడికీ, అర్ధరాత్రి సర్వర్ దగ్గర కూర్చున్న నాకూ అదే పలకరింపు. పన్నెండేళ్ళ కన్సల్టింగులో ఏ దేశంలోనూ ఏ క్లయింటూ నన్నలా పలకరించలేదు. "ఎప్పటికవుతుంది?" అన్నదే నేనెరిగిన పలకరింపు.

సరే, పేర్ల దగ్గరికొద్దాం.

మా క్లయింటు ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దాయన ఉన్నారు. పాత రికార్డులన్నీ ఆయన చేతిలోంచి పోయినవే. అందరూ జ్జాజ్జా అంటారు, నేనూ అంతే. పరిచయమైన మొదటి వారంలోనే ఆయన నన్నడిగారు, "వెద్దిరా కీ?" అని. మీది ఏ ఎకిక, అంటే ఏ గోత్రం అని. బగాండాల్లో యాభైకి పైగా గోత్రాలున్నాయి. చాలావాటికి ఒక జంతువో, చేపో, మొక్కో గుర్తు. సింహం, చిరుత, కోతి, ఏనుగు, అడవిదున్న, అలుగు, నీటిపిల్లి, మిడత, పుట్టగొడుగు. ఆ గుర్తుని 'ముజిరో' అంటారు, విడిచిపెట్టవలసింది అని అర్థం. ఎవరి ముజిరోని వాళ్ళు తినకూడదు. వానలొచ్చినప్పుడు కంపాలాలో దీపాలు పెట్టి మిడతలు పట్టి, రెక్కలూ కాళ్ళూ తీసేసి వేయించి అమ్ముతారు. (మొహం అలా పెట్టకండి, మా అమ్మమ్మగారి ఊళ్ళో తొలకరికి ఉసిళ్ళు వేయించుకు తినేవాళ్ళు.) ఆఫీసంతా ఆ పొట్లాలు పంచుకుంటుంటే మిడత గోత్రంవాళ్ళు మాత్రం చూస్తూ కూర్చుంటారు. గోత్రాల మధ్య ఏటా ఫుట్‌బాల్ పోటీలు కూడా జరుగుతాయి. పుట్టగొడుగులు సింహాల్ని ఓడించే అవకాశం ఈ భూమ్మీద అక్కడొక్కచోటే ఉంది.

నేను "కాశ్యపస గోత్రం" అన్నాను. అదేం జంతువన్నారు. కశ్యపుడు ఋషి, కానీ ఆ మాటకి తాబేలు అన్న అర్థం కూడా ఉంది. ఆ ముక్క చెప్పగానే ఆయన మొహం విప్పారింది. "తాబేలు! అయితే తినవు కదా?" అన్నారు. తినను అన్నాను, నిజమే కాబట్టి. మన దగ్గర గోత్రం తెలియనివాళ్ళందరికీ కాశ్యపసే చెప్పేస్తారన్న సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు.

ఒకే గోత్రంలో పెళ్ళి కుదరదు, అది మనకి తెలిసిందే. కానీ వీళ్ళకి తల్లి గోత్రంలో కూడా కుదరదు. ఆ మాట వినగానే నేను మన మేనరికాల గురించి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాను. మేనమామ కూతురు తల్లి గోత్రం పిల్ల, కాబట్టి వీళ్ళ లెక్కలో చెల్లెలే. మేనత్త కూతురికి మన గోత్రం తల్లివైపు గోత్రం, కాబట్టి ఆమె మనల్ని చేసుకోకూడదు. రెండువైపులా తలుపులు మూసేశారు. నేను బావామరదళ్ళ సరసాల దాకా వచ్చేసరికి టీములో అమ్మాయి చెవులు మూసుకుంది. జ్జాజ్జా మాత్రం మర్యాదగా, "మీ దేశం చాలా పెద్దది కదా, వేరే అమ్మాయిలు దొరకరా?" అన్నారు.

వీళ్ళ మేనత్తని 'స్సెంగా' అంటారు. మన మేనత్త కాబోయే అత్తగారయితే, వీళ్ళ మేనత్త ఆడపిల్లకి కాపురం పాఠాలు చెప్పే గురువు. పెళ్ళికి ముందు 'క్వంజులా' అని అమ్మాయి ఇంట్లో జరిగే వేడుక ఉంటుంది. అందులో పిల్లాణ్ణి తీసుకొచ్చి చూపించేది ఆవిడే. నేనొకసారి వెళ్ళాను. మగవాళ్ళంతా తెల్లటి కంజూ మీద కోటు. ఆడవాళ్ళు భుజాలు నిక్కబొడుచుకున్న గోమెసి. ఆ గోమెసికి పేరు మన గోవా నుంచి వచ్చిన గోమెజ్ అనే దర్జీ పేరు మీద వచ్చింది. రెండువైపులా మాటకారులు నిలబడి గంటల తరబడి వాదించుకుంటారు. మధ్యలో 'కులాన్యా' ఉంటుంది. అంటే ప్రవర. నేను ఫలానా, ఫలానావారి కొడుకుని, ఫలానావారి మనవణ్ణి, మా శాఖ ఇది, మా గోత్రం ఇది అని గుక్కతిప్పుకోకుండా చెప్పాలి. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు చెప్పేస్తాడు, మనం తలాడిస్తే చాలు. ఇక్కడ ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి.

ఇంతకీ ఒకే తండ్రికి పుట్టిన నలుగురు పిల్లలకి ఇక్కడ నాలుగు వేరు వేరు పేర్లుంటాయి. అంటే మొదటి పేరు కాదు, రెండోది. మొదటిది చర్చిలోనో మసీదులోనో పెట్టింది, అది సరే. రెండోది గోత్రం పేరు, 'ఎరిన్న్యా ల్యెకిక'. ప్రతి గోత్రానికీ తన సొంతమైన పేర్ల ఖజానా ఉంటుంది. గోత్రంలో ఇదివరకు గతించిన పెద్దల పేర్లవి. తాత అందులోంచి ఒక్కో పిల్లకి ఒక్కోటి ఏరి పెడతాడు. తండ్రి పేరుకీ కొడుకు పేరుకీ సంబంధం కనబడదు, కానీ తెలిసినవాడికి పేరు వినగానే గోత్రం తెలిసిపోతుంది. ఆడపిల్లల పేర్లు చాలావరకు 'న'తో మొదలవుతాయి. ముతేబి మగపేరు, నముతేబి ఆడపేరు. పెళ్ళయినంత మాత్రాన ఆడపిల్ల గోత్రం మారదు, పాత పద్ధతిలో పేరూ మారదు. కవలలకి మాత్రం ఏ గోత్రమైనా ఒకటే పేర్లు. మగపిల్లలయితే వస్స్వా, కాటో. ఆడపిల్లలయితే బబిర్యే, నకాటో. కవలల తర్వాత పుట్టినవాడు కిజ్జా. అంతేకాదు, కవలలు పుట్టగానే తండ్రికి స్సలోంగో, తల్లికి న్నలోంగో అని బిరుదులొచ్చేస్తాయి. ఇక ఊరంతా అలాగే పిలుస్తారు.

ఇప్పుడు ఈ ఊళ్ళోకి వేరే దేశంలో తయారైన ఒక సాఫ్ట్‌వేర్ దిగింది. ఉద్యోగుల కుటుంబాలకి వైద్యం ఖర్చులు చెల్లించే వ్యవస్థ అది. దాన్ని ఇక్కడ అమర్చడమే నా పని. అందులో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు. పిల్లల లాస్ట్ నేమ్ తండ్రిదో తల్లిదో కాకపోతే, "బంధుత్వం నిరూపణ కాలేదు" అని ఆ రికార్డుని పక్కన పెట్టేస్తుంది. పరీక్ష కోసం పాత రికార్డులు ఎక్కించగానే గాండా కుటుంబాల పిల్లలు దాదాపు అందరూ ఆ పక్కన పెట్టిన గుట్టలోకి వెళ్ళి కూర్చున్నారు.

మామూలు రోజుల్లో అయితే ఇది ఒక డిఫెక్ట్, ఒక నంబరు, ఒక మెయిలు. కానీ ఆ గుట్టలో ఉన్నది పిల్లలు. రాత్రి పన్నెండింటికి మలేరియా జ్వరంతో కాలిపోతున్న పిల్లని ఎత్తుకుని ఆసుపత్రి కౌంటరు దగ్గర నిలబడ్డ తండ్రికి, తెర మీద "ఈ పిల్ల మీ పిల్లేనని రుజువు లేదు" అని కనబడుతుంది. ముందు డబ్బు కట్టమంటారు. నెలాఖరయితే ఎక్కణ్ణుంచి తెస్తాడు? నేను ఇదే రాసి పంపాను. అవతలి నుంచి వచ్చిన జవాబు చాలా మర్యాదగా ఉంది. సభ్యులందరూ తమ పేర్లని సరిచేసుకుని, దానికి తగ్గ అఫిడవిట్లు సమర్పిస్తే సమస్య తీరుతుందట!

ఆ మెయిలు చదివి వినిపిస్తే జ్జాజ్జా నవ్వలేదు. లేచి వైట్‌బోర్డు దగ్గరికెళ్ళి ఒక ఇంటిబొమ్మ గీశారు. పైకప్పు, 'కసోల్యా', అంటే గోత్రానికి పెద్ద. దాని కింద 'స్సిగా', పొయ్యిరాయి, అది ఒక పెద్ద శాఖ. దాని కింద 'ముతుబా', బట్ట నేసే పని లేకుండా బెరడునే కొట్టి బట్ట చేసుకునే చెట్టు, అది ఉపశాఖ. ఆ కింద 'లున్యిరిరి', వరస. ఆ కింద 'లుగ్గ్యా', వాకిలి. చివరికి ఇల్లు. "ప్రతి బిడ్డా ఇందులో ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఎక్కడున్నాడో మాకు తెలుసు. మీ కంప్యూటరు తండ్రి పేరు పిల్లవాడి మీద రాసుందా అని చూస్తోంది. మేం పిల్లవాడి మీద చనిపోయిన ముత్తాత పేరు రాస్తాం" అన్నారు.

నేను బోర్డు వంక చూస్తూ ఉండిపోయాను. మనం దాన్ని 'ఇంటి' పేరు అనే అంటాం కదా! కానీ మనది ఒక్క మాట, వీళ్ళది కప్పు నుంచి వాకిలి దాకా ఇల్లంతా. కంప్యూటర్ సైన్సులో దాన్ని ట్రీ అంటాం, మధ్యలో నిజంగానే చెట్టుంది. సమాచారం లేకపోవడం కాదిది. చాలా పద్ధతిగా ఉన్న సమాచారమే, కాకపోతే ఆ గడిలో పట్టదు.

ఈ లాస్ట్ నేమ్ గడి బాధ మనకీ కొత్త కాదు. అమెరికాలో చదువుకునేటప్పుడు మూడేళ్ళు అందరూ నన్ను మా ఇంటిపేరుతో పిలిచారు. అది మా ఊళ్ళో నలభై ఇళ్ళవాళ్ళకి ఉంది, ఎవరు పిలిచినా నన్నే అనిపించేది కాదు. మిత్రుడొకడి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, సొంత పేరే లాస్ట్ నేమ్ అయింది. ఇప్పుడు వాడి పిల్లలకి వాడి పేరే ఇంటిపేరు. వెనకటి ఇంటిపేరు వాళ్ళ నాన్నతోనే ఆగిపోయింది.

బోర్డు మీది బొమ్మ ఫొటో తీసి పంపాను. పేర్లు కలవాలన్న నియమం తీసేసి, బంధుత్వాన్ని విడిగా రాసుకుందామని ప్రతిపాదించాను. ఈ సభ్యుడికి ఈ బిడ్డ, ఆధారం జనన ధ్రువపత్రం, అంతే. మూడు వారాలు మెయిళ్ళు నడిచాయి. గాండా కుటుంబాలు ఎన్నో, పక్కన పడ్డ రికార్డులెన్నో పట్టిక వేసి, ఒక్కొక్కదాన్నీ చేత్తో పరిశీలించడానికి ఎంతమంది గుమాస్తాలు కావాలో, వాళ్ళ జీతాలెంతో లెక్క కట్టి పంపాక ఒప్పుకున్నారు. బొమ్మ చెయ్యలేని పని జీతాల పట్టిక చేసింది లెండి.

అయితే ఇదంతా గెలుపని చెప్పను. జ్జాజ్జా మనవడి పాస్‌పోర్టులో వాళ్ళ నాన్న పేరే లాస్ట్ నేమ్‌గా ఉంది. వీసాల దగ్గర, బడి దరఖాస్తుల దగ్గర "మీ పేరూ పిల్లవాడి పేరూ వేరేగా ఉన్నాయేం?" అన్న ప్రశ్న తప్పించుకోవడానికి కొడుకు అలా చేశాడు. కంపాలాలో ఇప్పుడు చాలామంది కుర్ర తల్లిదండ్రులు అదే చేస్తున్నారు. వాళ్ళని తప్పుపట్టలేం. నేనయినా విమానాశ్రయంలో పిల్లని పక్కన పెట్టుకుని వాదించలేను. కానీ తాత ఏరి పెట్టాల్సిన పేరు ఒక్కోటీ ఖజానాలోనే ఉండిపోతుంది. 1966లో సైన్యం రాజుగారి కోట మీద పడింది, కబాకా లండన్ పారిపోయి 1969లో అక్కడే చనిపోయాడు, దేశంలో రాజరికాలే రద్దయ్యాయి. అన్నేళ్ళూ గోత్రాలూ పేర్లూ నిలబడ్డాయి. 1993లో మళ్ళీ కబాకాకి పట్టం కట్టేసరికి గోత్రాల పెద్దలందరూ ఎవరి చోట వాళ్ళు సిద్ధంగా ఉన్నారు. సైన్యానికి లొంగనిది దరఖాస్తులో ఒక గడికి లొంగుతోంది.

జ్జాజ్జా ఆ మనవడికి గోత్రం పేరు కూడా పెట్టారు. ఇంట్లో ఆ పేరుతోనే పిలుస్తారట. "వాడు ఏ పిల్లనయినా చూసి ఇష్టపడ్డాక, ఆ పిల్ల కూడా మా గోత్రమేనని తెలిస్తే ఏం చేస్తాడు? అందుకే ఇప్పట్నుంచీ కులాన్యా నేర్పిస్తున్నాను" అన్నారు. ఆరేళ్ళవాడు నాలుగు తరాల దాకా చెప్తున్నాడట.

నియమం తీసేశాక అవతలివాళ్ళకి ఉత్సాహం వచ్చింది. స్థానిక సంస్కృతిని గౌరవిస్తూ గోత్రానికి కూడా ఒక గడి పెడితే ఎలా ఉంటుందని అడిగారు. నాకూ బాగానే తోచి జ్జాజ్జా దగ్గరికెళ్ళాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "జ్వరం మందులిచ్చేవాళ్ళకి నా గోత్రం ఎందుకు స్సేబో? అది పిల్లనిచ్చేవాళ్ళు అడగాలి" అన్నారు.

ఆ గడి పెట్టలేదు.